పేపర్లో వచ్చిన క్లైమేట్ పాలసీ వార్త నిజమో కాదో మనమే తేల్చుకోవడం ఎలా

"వరి వేస్తే కేసు పెడతారంట కదరా, పేపర్లో వచ్చింది" అని పోయిన సార్వా ముందు మా బాబాయి ఫోన్ చేశారు. అంబాజీపేటలో కొబ్బరికాయల దగ్గర ఎవరో ఫోన్లో క్లిప్పింగ్ చూపించారట. ఆ వారంలోనే భీమవరం నుంచి ఒకాయన రొయ్యల చెరువులకి కార్బన్ పన్ను వేస్తున్నారంట నిజమేనా అండి అని, అమలాపురం డిగ్రీ కుర్రాళ్ళు ఇద్దరు ప్రాజెక్ట్ వర్క్‌కి ఇదే టాపిక్ తీసుకున్నాం ఎక్కడ మొదలెట్టాలి అని, ఇలా వరసపెట్టి అడుగుతుంటే ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నా. నేను రాజమండ్రిలో ఒక పేపర్ డెస్కులో, అంటే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే చోట, తొమ్మిదేళ్ళు చేశాను కాబట్టి తప్పులు లోపల ఎలా పుడతాయో కొంచెం తెలుసు. కొన్ని నేనే పుట్టించాను, అదీ చెప్తా.

పూర్తిగా అల్లేసిన అబద్ధం నిజానికి తక్కువేనండి. ఎక్కువ భాగం రెండు చోట్ల జారతాయి. ప్రభుత్వం "ఆలోచిస్తోంది" అన్నది కాస్తా "చేసేసింది" అయిపోతుంది, లేదంటే శాతం పక్కన ఉండాల్సిన "దేంట్లో" అనే మాట ఎగిరిపోతుంది. ఈ రెండూ పట్టుకోవడం వస్తే పని ముప్పావు వంతు అయినట్టే, అందుకే 4, 5 స్టెప్పులు పొడుగ్గా ఉంటాయి, మిగతావి తొందరగా లాగించేస్తా.

కావాల్సినవి

- నెట్ ఉన్న ఫోన్. లాప్‌టాప్ ఉంటే సుఖం, లేకపోయినా అవుతుంది.
- గూగుల్ షీట్, లేదా గళ్ళు గీసుకున్న పొడుగు నోటు పుస్తకం.
- మీతో పాటు ఇంకొక మనిషి. ఇది తప్పనిసరి, ఎందుకో 9లో చెప్తా.
- పాత పేపర్లు కావాలంటే మీ ఊరి శాఖా గ్రంథాలయం, ఇంకా వెనక్కి వెళ్ళాలంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం.
- ఒక నెల టైం, రోజుకి గంట.

సైన్స్ డిగ్రీ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి శాతాలు వస్తే చాలు.

1. ప్రశ్న చిన్నది చేసుకోండి

"తెలుగు మీడియాలో క్లైమేట్ తప్పుడు సమాచారం" అని పెట్టుకుంటే వరద గోదాట్లో ఈతకి దిగినట్టే, ఒడ్డు కనపడదు. "ఈ ఆర్నెల్లలో మా జిల్లా పేజీల్లో ఇంటిమీద సోలార్ గురించి వచ్చిన వార్తల్లో సబ్సిడీ అంకె ఎన్నిట్లో సరిగ్గా ఉంది" అని పెట్టుకోండి. ఒక స్కీమ్, ఒక కాలం, మూడు పేపర్లు, ఇంకా ఓపిక ఉంటే రెండు ఛానళ్ళు. ఎక్కువ పెట్టుకోవద్దు.

2. వార్తలు పోగెయ్యండి, ఏరుకోవద్దు

అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పింగులు దాచుకుని అదే రీసెర్చ్ అనుకుంటారు. వాట్సాప్‌లో తిరిగేవి అప్పటికే మసాలా ఉన్నవి, వాటితో లెక్కేస్తే ప్రతి వార్తా తప్పే అనిపిస్తుంది. అలా కాకుండా మొదటి వారం సోమవారం పేపరు, రెండో వారం మంగళవారం, మూడో వారం బుధవారం ఇలా తీసుకోండి, అప్పుడు ఆదివారం స్పెషల్ పేజీలే దొరకడమో శనివారాలు జారిపోవడమో ఉండదు. ఏడు వారాలకి ఏడు రోజులు వస్తాయి.

ప్రతి దానికీ తేదీ, ఎడిషన్, పేజీ నంబరు, లింకు రాయండి. ఎడిషన్ ఎందుకంటే కోనసీమ పేజీల్లో వచ్చిన వార్త పశ్చిమగోదావరి పేజీల్లో వేరే హెడ్డింగుతో ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. వెబ్ లింకులు చెప్పాపెట్టకుండా మారిపోతాయి కాబట్టి వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచిపెట్టే సైటు) సేవ్ చేసేయండి, స్క్రీన్‌షాట్ కూడా పక్కన ఉంచుకోండి. యూట్యూబ్ అయితే థంబ్‌నెయిల్ ఒక వరసలో, లోపల యాంకర్ చెప్పింది ఇంకో వరసలో రాయాలి. బయట "వరి బంద్" అని ఎర్రక్షరాలుంటాయి, లోపలేమో "నీళ్ళు తగ్గించమంటున్నారు" అని చెప్తారు.

వెతికేటప్పుడు జాగ్రత్త: మనకి "వాతావరణం" ఒక్క మాటే రేపటి వానకీ అదే, క్లైమేట్‌కీ అదే. ఆ మాటతో వెతికితే అల్పపీడనం వార్తలు కుప్పలు పడతాయి. "వాతావరణ మార్పులు", "భూతాపం", "కర్బన ఉద్గారాలు", "నెట్ జీరో", "పునరుత్పాదక", "హరిత ఇంధనం" ఇలా విడివిడిగా వెతకండి. "క్లైమేట్" అనీ "క్లైమెట్" అనీ రెండు స్పెల్లింగులూ కొట్టండి.

3. వార్తని ముక్కలు చెయ్యండి

ఒక వార్త అంటే ఒక విషయం కాదు. పది లైన్ల వార్తలో నాలుగైదు ఉంటాయి, మూడు కరెక్టు, ఒకటి పాతది, ఒకటి తప్పు. షీట్‌లో ఒక్కో విషయానికి ఒక్కో వరస పెట్టండి. "ఇది రైతుని నట్టేట ముంచడమే" లాంటివి అభిప్రాయం, వదిలెయ్యండి, దాన్ని తప్పూ ఒప్పూ అని తేల్చలేం. హెడ్డింగ్‌కి ఎప్పుడూ సొంత వరస ఉండాలి, ఎందుకంటే రిపోర్టర్ రాసింది ఒకటి, హెడ్డింగ్ పెట్టే డెస్కు మనిషి వేరు.

4. పని ఎంతవరకు వచ్చిందో క్రియ చూసి కనిపెట్టండి

మన పేపర్లకి దీనికో భాష ఉంది. అలవాటైతే క్రియ చూడగానే తెలిసిపోతుంది. కింద నుంచి పైకి మెట్లు ఇవి:

- యోచన, కసరత్తు, సన్నాహాలు, రంగం సిద్ధం, చివర్లో ప్రశ్నార్థకం: ఏమీ జరగలేదు. ఎవరో ఆఫీసర్ టీ తాగుతూ అన్న మాట కూడా కావచ్చు.
- ప్రకటన, వెల్లడి, హామీ: ఎవరో మైకులో అన్నారు.
- ముసాయిదా: రాసి బయటపెట్టారు, ఇంకా మారుతుంది. కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలకి మామూలుగా 60 రోజులు అభ్యంతరాలు చెప్పుకునే గడువు ఉంటుంది.
- పచ్చజెండా, ఆమోదం: కేబినెట్ ఒప్పుకుంది.
- గెజిట్, నోటిఫికేషన్, జీవో: ఇప్పుడు వచ్చింది.
- నిధుల విడుదల, అమలు: మీ ఊళ్ళోకి వచ్చింది.

షీట్‌లో రెండు గళ్ళు పెట్టండి, "వార్త ఏ మెట్టు అంది", "అసలు ఏ మెట్టు మీద ఉంది". రెండూ ఒకటి కాకపోతే అక్కడ దొరికినట్టే.

మా బాబాయి క్లిప్పింగ్ ఇలాగే విప్పాను. నిలవ నీళ్ళున్న వరిచేలో భూమిని వేడెక్కించే మీథేన్ అనే గ్యాస్ పుడుతుంది, అది నిజం. 2021లో గ్లాస్గోలో జరిగిన ఐక్యరాజ్యసమితి క్లైమేట్ సదస్సులో మీథేన్ తగ్గిస్తామని చాలా దేశాలు ఒక ప్రతిజ్ఞ చేశాయి, 2020తో పోలిస్తే 2030కల్లా ప్రపంచం మొత్తం మీద 30 శాతం తగ్గించాలని, అదీ నిజమే. కానీ దాంట్లో ఇండియా చేరలేదు, చేరిన దేశాలకైనా అది స్వచ్ఛందం, పైగా వరి మానెయ్యమని దాంట్లో ఎక్కడా లేదు. క్లిప్పింగ్ అడుగున రెండు లైన్లలో అసలు సంగతి ఉంది, నీళ్ళు పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టే పద్ధతిని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు అని. సూచన! అది మొదటి మెట్టు కూడా కాదు. హెడ్డింగ్ మాత్రం "వరికి చెక్?" అని. ఆ ప్రశ్నార్థకం మా డెస్కు వాళ్ళకి గొడుగులాంటిది, ఎవరేం అడిగినా దాని కింద నుంచోవచ్చు.

ఇంకా పెద్ద ఉదాహరణ. 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రధాని ప్రసంగంలో ఐదు హామీలు వచ్చాయి, పంచామృతం అన్నారు. అందులో 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాకుండా మిగతావాటి) కరెంటు సామర్థ్యం ఒకటి, దేశ ఇంధన అవసరాల్లో 50 శాతం పునరుత్పాదక వనరుల నుంచి అన్నది ఇంకొకటి. 2022 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి రాతపూర్వకంగా పంపిన లక్ష్యాల్లో 500 గిగావాట్లు లేదు. 50 శాతం ఉంది కానీ అది "ఇంధన అవసరాల్లో" కాదు, "కరెంటు స్థాపిత సామర్థ్యంలో" (ఆ మాటకి అర్థం 5లో చెప్తా), 2030 నాటికి. మైకులో మాట, కాగితం మీద మాట వేరు. ఈ రెండిటినీ కలిపేసి రాసిన వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, వెతికి చూడండి.

నా తప్పు కూడా ఆ సదస్సుదే. చివరి రోజు ఒప్పందంలో బొగ్గు "దశలవారీగా నిలిపివేత" అన్న మాట తీసి "దశలవారీగా తగ్గింపు" అని మార్చారు, ఇండియా కోరిన మార్పు అది. రాత్రి పదకొండు దాటింది, ఏజెన్సీ కాపీ ముందుంది, నాలుగు కాలమ్‌ల వెడల్పు హెడ్డింగ్ కావాలి, "తగ్గింపు" కంటే "బొగ్గుకి సెలవు" ముచ్చటగా కూర్చుంది, పెట్టేశా. మర్నాడు చూసుకుని నాలుక కరుచుకున్నా గానీ సవరణ వెయ్యలేదు. కుట్రా లేదు, డబ్బులూ లేవు, జాగా సరిపోయింది అంతే. కాబట్టి తప్పు కనపడగానే "అమ్ముడుపోయారు" అని రాసెయ్యకండి.

5. అంకెని మూడు ప్రశ్నలడగండి: దేంట్లో? ఎప్పటితో పోలిస్తే? ఎప్పటికి?

"ఉద్గారాలు 45 శాతం తగ్గిస్తాం: భారత్" అని చాలాసార్లు చదివుంటారు. అది తప్పు హెడ్డింగ్. లక్ష్యం ఏంటంటే జీడీపీ ఉద్గార తీవ్రతని 2005తో పోలిస్తే 2030కల్లా 45 శాతం తగ్గించడం. ఏంటీ తీవ్రత? దేశం చేసే ప్రతి రూపాయి ఉత్పత్తికి ఎంత పొగ వస్తుందో అది. రైస్ మిల్లు లెక్కలో చెప్తా, బస్తాలు ఉత్పత్తి అనుకోండి, ఊక పొగ అనుకోండి. అంకెలు ఊరికే పెట్టినవి. 2005లో మీ మిల్లు 100 బస్తాలు ఆడటానికి 10 బస్తాల ఊక కాల్చేది. ఇప్పుడు కొత్త బాయిలర్ వచ్చింది, 100 బస్తాలకి 5.5 చాలు. తీవ్రత 45 శాతం తగ్గింది, గొప్పే. కానీ మిల్లు ఇప్పుడు 300 బస్తాలు ఆడుతోంది, అంటే 16.5 బస్తాల ఊక కాలుతోంది. మొత్తం పొగ పెరిగింది! రెండూ ఒకేసారి నిజం. "పొగ తగ్గింది" అన్నవాడూ "పెరిగింది కాబట్టి మోసం" అన్నవాడూ ఇద్దరూ సగమే చెప్తున్నారు.

తర్వాత సామర్థ్యం, ఉత్పత్తి. 2025 మధ్యకి దేశం కరెంటు స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం అయింది. దాన్ని "సగం కరెంటు సోలార్ నుంచే" అని రాస్తే రెండు తప్పులు. ఒకటి, శిలాజేతరం అంటే సోలార్, గాలితో పాటు పెద్ద జలవిద్యుత్తు, అణు విద్యుత్తు కూడా. రెండు, 5 హెచ్‌పీ మోటారు బిగించినంత మాత్రాన రోజంతా నీళ్ళు రావు కదా, కరెంటు ఉన్నంతసేపే, సోలారూ ఎండ ఉన్నంతసేపే. వాడే కరెంటులో ఇప్పటికీ మూడింట రెండొంతులకి పైనే బొగ్గుది.

సముద్రం వార్తలు మనకి దగ్గరివి కాబట్టి ఇక్కడ ఇంకాస్త ఆగుతా. "2050కి కోనసీమ మాయం" అని ఎర్రరంగు మ్యాపుతో ఏటా వస్తుంది. ఆ రకం మ్యాపులు చాలావరకు నేల ఎత్తుని నీటిమట్టంతో పోల్చి, ఏడాదికోసారి వచ్చే వరద మట్టం కన్నా పల్లంగా ఉన్న చోటంతా ఎర్రగా చూపిస్తాయి, మన గట్లూ కరకట్టలూ లెక్కలోకి రావు. ఎర్రగా ఉందంటే ముంపు ప్రమాదం ఉందని, శాశ్వతంగా మునిగిందని కాదు. 2021 ఆగస్టులో ఐపీసీసీ (క్లైమేట్ సైన్సు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) రిపోర్టు వచ్చాక "విశాఖతో సహా 12 నగరాలు మూడడుగుల నీళ్ళలో" అని వచ్చింది గుర్తుందా? ఆ వార్తకి ఆధారమైన నాసా టూల్ చూపించింది ఒక్కోచోట సముద్రమట్టం ఎంత పెరగొచ్చో, అంతే. మట్టం మూడడుగులు పెరగడం, ఊరు మూడడుగుల నీళ్ళలో ఉండటం ఒకటి కాదు, విశాఖ కొండలెక్కి చూస్తే అర్థమవుతుంది. అదే రిపోర్టులో 2100కి ప్రపంచ సగటు సముద్రమట్టం పెరుగుదల ఉద్గారాలు బాగా తగ్గిస్తే 0.28 నుంచి 0.55 మీటర్లు, విపరీతంగా పెరిగితే 0.63 నుంచి 1.01 మీటర్లు. కాబట్టి "ఏ పరిస్థితిలో" అనేది కూడా రాసుకోవాలి, పేపర్లు ఎప్పుడూ పెద్ద అంకే తీసుకుంటాయి.

అలాగని ఇదంతా ఉత్తదే అనుకునేరు, ఉప్పాడ వెళ్ళి చూడండి. కాకపోతే తీరం కోతకి సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు, ఎగువన ఆనకట్టలు ఒండ్రుని ఆపేయడం, నేల కుంగడం, మడ అడవులు పోవడం ఇవన్నీ డెల్టా తీరాలకి లెక్కే. అన్నీ తీసుకెళ్ళి క్లైమేట్ ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం కూడా తప్పుడు సమాచారమే, ఆఫీసులకి మహా ఇష్టం ఇది.

మార్పిడి తప్పులు చూడటానికి ఇవి గోడమీద అంటించుకోండి: 1 గిగావాట్ 1,000 మెగావాట్లు. 1 బిలియన్ 100 కోట్లు. 1 ట్రిలియన్ లక్ష కోట్లు. 2024 బాకు క్లైమేట్ సదస్సులో వర్ధమాన దేశాలకి సాయంగా 2035కల్లా ఏటా 300 బిలియన్ డాలర్లు అన్నారు, అంటే 30,000 కోట్ల డాలర్లు. "300 కోట్ల డాలర్లు" అని కనపడితే సున్నాలు ఎక్కడ రాలిపోయాయో మీకే తెలుస్తుంది.

6. అసలు కాగితం దగ్గరికి వెళ్ళండి

కేంద్రం నిర్ణయాలకి పీఐబీ (ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే సంస్థ) సైట్, ఈ-గెజిట్. దేశాలు రాసిచ్చిన లక్ష్యాలకి (వాటినే ఎన్‌డీసీలు అంటారు) ఐక్యరాజ్యసమితి క్లైమేట్ విభాగం యూఎన్‌ఎఫ్‌సీసీసీ వాళ్ళ ఎన్‌డీసీ రిజిస్ట్రీ. సైన్సుకి ఐపీసీసీ రిపోర్టు ముందుండే సారాంశం, మొత్తం చదవక్కర్లేదు. తుఫానుకి వాతావరణ శాఖ (ఐఎండీ) బులెటిన్. పార్లమెంటులో ఎంపీల ప్రశ్నలకి మంత్రుల రాతపూర్వక జవాబులు బంగారం, ఎవరూ చూడరు, ఒక్కోసారి జిల్లా లెక్కలు కూడా దొరుకుతాయి. ఎక్కడా లేకపోతే ఆర్టీఐ, కేంద్ర ఆఫీసులకైతే ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

సోలార్ మీద చేసి చూడండి, సులువుగా అలవాటవుతుంది. "ఇంటికి 300 యూనిట్లు ఫ్రీ" అన్న వార్త తీసుకోండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ స్కీమ్ కాగితం చూస్తే ప్రభుత్వం మీ మీటర్‌కి 300 యూనిట్లు ఉచితంగా పొయ్యదు, మీ డాబా మీద మీరు ప్యానెల్ పెట్టించుకుంటే అది తయారుచేసే కరెంటు అది. సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30,000, 2కి 60,000, 3 కానీ ఆపైన కానీ 78,000 రూపాయలు. "అందరికీ 78 వేలు" అన్న వార్త సరైందో కాదో ఇప్పుడు మీరే చెప్పగలరు.

రెండు హెచ్చరికలు. ఒకటి, పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ కేంద్రం గురించిన వార్తలే చూస్తుంది, చెప్పేదీ ప్రభుత్వమే, కాబట్టి అది ఒక పక్క మాటగా రాసుకోండి. ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి ఫ్యాక్ట్‌చెక్ సైట్లు చూడండి కానీ వాళ్ళ తీర్పు కాపీ కొట్టకుండా వాళ్ళిచ్చిన లింకు తెరిచి మీరు చదవండి. రెండు, అసలు కాగితమే తప్పు కావచ్చు. 2007 ఐపీసీసీ రిపోర్టులో 2035కల్లా హిమాలయ హిమానీనదాలు పోవచ్చని ఒకచోట పడింది, 2010 జనవరిలో అది పొరపాటని వాళ్ళే ఒప్పుకున్నారు. కాబట్టి తర్వాత సవరణ వచ్చిందా అని కూడా చూడాలి.

7. ఫొటోలు, క్లిప్పింగులు

గూగుల్ లెన్స్‌లో పెట్టండి, పాత తేదీతో దొరికితే అయిపోయింది. 2022 జులై వరద లంకల ఫొటోలు ప్రతి ఏడాదీ కొత్తగా పుడుతున్నాయి. క్లిప్పింగ్ అయితే ఆ పేపర్ ఈ-పేపర్‌లో ఆ తేదీ, ఆ ఎడిషన్ తెరిచి చూడాలి. పేపర్ లోగో పెట్టి క్లిప్పింగ్ తయారుచేయడం ఎలక్షన్లప్పుడు ఎంత తేలికో మనం చూశాం కదా.

8. ముద్ర వెయ్యండి, కానీ అన్నిటికీ "ఫేక్" వద్దు

నేను వాడేవి ఆరు: సరైనది, తప్పు, మెట్టు తప్పు (4లో చూసింది), అంకె సగం (5లో చూసింది, అంకె అయినా మాట అయినా సగమే చెప్పడం), పాతది (ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు), తేల్చలేం. చివరిది వాడటానికి సిగ్గుపడొద్దు. పన్ను అని మొదట్లో చెప్పానే, ఆ రొయ్యల చెరువుల వార్త నేను చూసినప్పుడు దానికి కింద గెజిటూ లేదు, ముసాయిదా లేదు, పేరు చెప్పిన ఆఫీసరూ లేడు, "విశ్వసనీయ వర్గాలు" తప్ప. అది "తప్పు" అని కొట్టెయ్యలేను, "తేల్చలేం, ఫలానా తేదీకి కాగితం ఏదీ దొరకలేదు" అని రాశా.

ఇంకోటి, "1839లో కోరంగిని తుఫాను తుడిచిపెట్టింది, అప్పుడు క్లైమేట్ చేంజ్ ఉందా" అనే వ్యాసాలు. ముందు సగం నిజమే. అయితే తుఫాన్లు అప్పుడూ ఉన్నాయి కాబట్టి ఇప్పుడు మార్పు లేదనడం కుదరదు, 1996 తుఫానైనా ఇప్పటిదైనా ఒక్క తుఫాను చూపించి ఇదిగో క్లైమేట్ చేంజ్ అనడమూ కుదరదు. రెండిటికీ "అంకె సగం" ముద్రే.

9. పేపర్ పేరు దాచి ఇంకొకరితో చేయించండి

మన దగ్గర ఏ పేపర్ ఏ పార్టీదో చంటిపిల్లాడిని అడిగినా చెప్తాడు. మీకూ ఒక పక్క మంట ఉంటుంది, లేదనకండి. 20 వరసలు తీసుకుని పేపర్ పేరు, లోగో, మీ ముద్ర మూసేసి ఆ రెండో మనిషికి ఇవ్వండి, ఎదురు పార్టీ మనిషి అయితే ఇంకా మంచిది. 16 కన్నా తక్కువ కలిస్తే తప్పు వాళ్ళది కాదు, మీ ముద్రల అర్థం సరిగ్గా రాసుకోలేదు, కూర్చుని మాట్లాడుకుని మళ్ళీ చెయ్యండి. నా మొదటిసారి 11 కలిశాయి. "పాతది", "మెట్టు తప్పు" మధ్య గీత ఎక్కడో నాకే తెలీలేదు. ఇంకో పరీక్ష, వారం ఆగి మీ సొంత వరసలు పది తీసుకుని, పాత ముద్ర చూడకుండా మీరే మళ్ళీ చెయ్యండి.

లెక్క చెప్పేటప్పుడు "ఇన్ని తప్పులు దొరికాయి" అనొద్దు, "ఇన్నిట్లో ఇన్ని" అనాలి. సరైనవి కూడా లెక్కపెట్టకపోతే శాతం గురించి పేపర్‌ని అడిగిన "దేంట్లో?" అన్న ప్రశ్నే మిమ్మల్నీ అడగాల్సొస్తుంది.

10. పేపర్ వాళ్ళని అడగండి

బయట పెట్టేముందు ఎడిటర్‌కి మెయిల్ చెయ్యండి, మర్యాదగా, మీ వార్తలో ఫలానా లైన్, ఇదీ అసలు కాగితం, సవరణ వేస్తారా అని. వారం ఆగండి. జవాబు రాకపోతే రాలేదని రాయండి. ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్ళాలన్నా ముందు ఎడిటర్‌కి రాసిన రుజువు అడుగుతారు. జిల్లా రిపోర్టర్ మీద పడిపోకండి, పాపం చాలామందికి లైన్ల లెక్కన డబ్బులు, హెడ్డింగ్ వాళ్ళ చేతిలో ఉండదు.

ఇదంతా అరగంట కూర్చోబెట్టి మీథేన్ దగ్గర్నుంచి గెజిట్ దాకా మా బాబాయికి చెప్పాను. విన్నారు. "అదంతా సరేగానీ నారు పొయ్యొచ్చా లేదా అది చెప్పు" అన్నారు. పొయ్యొచ్చు అన్నాను.